ఫీల్డ్ పోస్టింగ్‌లో భర్త, ఊళ్ళో మేము. ఈ టెన్షన్ ఎలా తట్టుకోవాలి?

మందస_కోడలు
మావారు ఆర్మీలో నాయక్. మొన్నటిదాకా పీస్ స్టేషన్‌లో, అంటే కుటుంబాన్ని ఉంచుకోగలిగే చోట, క్వార్టర్స్‌లో కలిసే ఉన్నాం. ఇప్పుడు యూనిట్ కాశ్మీర్ వైపు వెళ్ళింది, నేనూ బాబూ మా అత్తగారింటికి వచ్చేశాం. మామయ్య పొద్దున్న లేచిన దగ్గర్నుంచి న్యూస్ ఛానెల్ పెట్టుకుని కూర్చుంటారు. ఎక్కడో ఎన్‌కౌంటర్ అని కింద స్క్రోలింగ్ వస్తే చాలు, అత్తయ్య పొయ్యి మీద కూర వదిలేసి టీవీ ముందుకి వచ్చేస్తారు. ఆయన ఫోన్ రోజూ రాదు. రెండ్రోజులు రాకపోతే వీధిలో అందరూ "మీవోడు ఫోన్ చేశాడా" అని అడగడం, వాళ్ళ మొహాలు చూసి నాకు ఇంకా భయం వేయడం. బాబుకి ఐదేళ్ళు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టాడు. నాన్న ఫోన్ అంటే మాట్లాడనని పెరట్లోకి పారిపోతాడు. ఇవేవీ ఆయనకి చెప్పడం లేదు. అడిగితే "అందరం బాగున్నాం" అంటాను, ఫోన్ పెట్టాక ఏడుస్తాను. మీ ఇళ్ళల్లో ఏం చేస్తున్నారో చెప్పండి. ధైర్యంగా ఉండమని మాత్రం చెప్పొద్దు, ఆ మాట రోజూ వింటూనే ఉన్నాను.

గజపతినగరం_లక్ష్మి
ముందు ఆ టీవీ సంగతి చూడమ్మా. మావారు సీఆర్పీఎఫ్, ఛత్తీస్‌గఢ్‌లో. మా ఇంట్లో పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి వార్తలు, మధ్యలో టీవీ పెడితే సినిమానే. మా మామగారు మొదట్లో ఒప్పుకోలేదు. మా ఆడపడుచు చెప్పింది, కూతురు చెబితే విన్నారు. కోడలు చెబితే గొడవయ్యే విషయాలు కూతురి చేత చెప్పించడమే మేలు.

సోంపేట_కుర్రోడు
2025 మే నెల, ఆపరేషన్ సిందూర్ గుర్తుందా? 7వ తేదీ నుంచి 10వ తేదీ సాయంత్రం దాకా మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అన్నయ్య సెలవు మీద వచ్చి ఉన్నాడు, వెంటనే వచ్చేయమని ఫోన్ వస్తే రిజర్వేషన్ లేకుండానే రైలెక్కాడు. ఛానెళ్ళలో సైరన్ మోత, పట్టుకున్నాం, కూల్చేశాం అని అరుపులు. ఆ సైరన్ శబ్దాలు వాడొద్దని చివరికి ప్రభుత్వమే ఛానెళ్ళకి చెప్పాల్సి వచ్చింది. మా అమ్మ మాత్రం ఆ సైరన్ అన్నయ్య ఉన్న చోటే మోగుతోందనుకుని వణికిపోయింది. వాళ్ళకి అది ఒక ఎఫెక్ట్, మాకు కన్నబిడ్డ. అప్పటినుంచి మా ఇంట్లో ఆ ఛానెళ్ళు బంద్.

పాత_హవల్దార్_ఆమదాలవలస
నేను రిటైరై చాలాకాలమైంది, కార్గిల్ టైములో సర్వీసులో ఉన్నాను. అమ్మాయీ, నువ్వు యూనిట్ పేరు, సరిగ్గా ఏ ఊరు అన్నది రాయలేదు, మంచి పని చేశావు. ఇక్కడ మిగతావాళ్ళు కూడా అలాగే ఉండండి, ఫోటోలు కూడా పెట్టొద్దు.

ఇక ఫోన్ విషయం. ఫోన్ రాకపోతే ఏదో అయిందని కాదు. పోస్ట్ మారి ఉంటాడు, పెట్రోలింగ్‌లో ఉంటాడు, టవర్ ఉండదు, మంచు పడి కరెంటు పోయి ఉంటుంది, లేదా ఫోన్లు వాడొద్దని ఆర్డర్ వచ్చి ఉంటుంది. ఈ కారణాలన్నీ మీవారి చేతే ఒకసారి అత్తమామలకి చెప్పించు. నువ్వు చెబితే సముదాయిస్తున్నావనుకుంటారు, కొడుకు చెబితే నమ్ముతారు. ఏ రోజు వీలవుతుందో ఆ రోజు చేస్తాను, చేయలేదంటే డ్యూటీలో ఉన్నట్టు అని ఆయన నోటితో రావాలి. "రోజూ రాత్రి ఎనిమిదింటికి చేస్తాను" అని మాత్రం మాట ఇవ్వకూడదు. ఎనిమిదిన్నర అయిందంటే ఇల్లంతా గుమ్మంలో ఉంటుంది.

నిజంగా చెడు కబురు ఏదైనా ఉంటే అది యూనిట్ నుంచి అధికారికంగా వస్తుంది, వాట్సాప్ గ్రూపుల్లోనూ స్క్రోలింగ్‌లోనూ రాదు. మా రోజుల్లో ఇంటి ఉత్తరాలన్నీ కేరాఫ్ 56 ఏపీవో, 99 ఏపీవో అని ఆర్మీ పోస్టాఫీసు అడ్రసు మీద వచ్చేవి. నెల కిందటి ఉత్తరం చదువుకుని ఇవాళ్టి సంగతనుకుని సంతోషపడేవాళ్ళం.

బొబ్బిలి_శ్రీను
ఫోన్ అనగానే ఒక ముఖ్యమైన సంగతి. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మా తమ్ముడు కొత్తగా వెళ్ళినప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. జమ్మూ చేరాక ఫోన్ మూగబోయింది, ఇక్కడ మా అమ్మ అన్నం మానేసింది. వెళ్ళేముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోమనండి.

కవిటి_కొబ్బరితోట
మావాడు అగ్నివీర్. ఏడాదికి ముప్పై రోజులే సెలవు. పండక్కి వస్తాడా రాడా అన్నదే మాకు టెన్షన్. మిగతాది దేవుడి దయ.

రాజాం_నర్సు
@మందస_కోడలు, బాబు గురించి. ఇంట్లో పెద్ద మార్పు వచ్చినప్పుడు ఈ వయసు పిల్లలు మళ్ళీ పక్క తడపడం చాలా ఇళ్ళల్లో చూస్తాం. తిట్టొద్దు, నలుగురి ముందు ఆ మాట ఎత్తొద్దు, అత్తగారికి కూడా చెప్పు. పడుకునే ముందు నీళ్ళు తగ్గించి బాత్రూమ్‌కి తీసుకెళ్ళు. కానీ ఒకసారి డాక్టరుకి చూపించి యూరిన్ టెస్ట్ చేయించు. మంట అన్నా, జ్వరం వచ్చినా, దాహం ఎక్కువగా ఉన్నా అసలు ఆలస్యం చేయకు. అన్నీ బెంగ వల్లే అనుకుని ఇన్‌ఫెక్షన్‌ని వదిలేయకూడదు.

నీ సంగతి కూడా. నిద్ర పట్టక, తినబుద్ధి కాక, ఏ పనీ చేయాలనిపించక రెండు వారాలు దాటితే అది ఓర్చుకోవాల్సిన విషయం కాదు, చూపించుకోవాల్సిన విషయం. 14416 టెలీ మానస్ నంబరు, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్. 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. సైన్యంలో ఉన్నవాళ్ళకీ వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ పుణెలోని సైనిక వైద్య విభాగంలో 2023 డిసెంబరు నుంచి విడిగా ఒక సెల్ కూడా నడుస్తోంది.

మందస_కోడలు
థాంక్స్ అక్కా. నేను ఫోన్ చేస్తే మావారి రికార్డులో ఏమైనా రాస్తారా? ఆయన ఉద్యోగానికి ఇబ్బంది కాదు కదా?

రాజాం_నర్సు
నువ్వు మాట్లాడేది నీ నిద్ర గురించి, నీ భయం గురించి. యూనిట్ వివరాలు చెప్పాల్సిన పని లేదు. కావాలంటే పేరు కూడా చెప్పకుండానే మాట్లాడొచ్చు.

చీపురుపల్లి_టీచరమ్మ
పిల్లాడు ఫోన్‌లో మాట్లాడకపోవడం కోపం వల్లే కానక్కర్లేదు. ఐదేళ్ళవాడికి ఫోన్ పట్టుకుని "ఎలా ఉన్నావు, తిన్నావా, చదువుకుంటున్నావా" అంటే ఏం చెబుతాడు? మా స్కూల్లో జవాన్ల పిల్లలు ఏటా ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఒక పాప వాళ్ళ నాన్న చేసే పని నాకు బాగా నచ్చింది. సిగ్నల్ ఉన్నప్పుడు చిన్న చిన్న కథలు రికార్డు చేసి పంపేవాడు, మన అడవి ఎలుగుబంటి మంచులోకి వెళ్ళిన కథలు. పాప రాత్రి అవి వింటూ పడుకునేది. మళ్ళీ ఫోన్ వచ్చినప్పుడు "ఎలుగుబంటికి తర్వాత ఏమైంది" అని తనే అడిగేది. మాటకి ఒక విషయం ఉండాలి.

క్లాసు టీచరుకి కూడా చెప్పి ఉంచండి. చెప్పకపోతే పిల్లాడు దిక్కులు చూస్తున్నాడని మేమూ రెండు తగిలిస్తాం.

సోంపేట_కుర్రోడు
ఎలుగుబంటి అంటే మా ఉద్దానం పిల్లలకి కథ కాదు టీచరమ్మా, తోటలో నిజంగానే తిరుగుతుంది 😀

చీపురుపల్లి_టీచరమ్మ
అందుకే మంచులోకి పంపేశాడేమో వాళ్ళ నాన్న 😀

గజపతినగరం_లక్ష్మి
అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ఆయనకి చెప్పాలా వద్దా? నేనైతే చెప్పొద్దంటాను. మా పాపకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు భయపడి అర్ధరాత్రి ఫోన్ చేసి చెప్పాను. ఆయన క్యాంపు నుంచి కదలడానికి లేదు, తెల్లవారుజామునే ఆపరేషన్‌కి వెళ్ళాలి. నిద్ర లేకుండా, బుర్ర ఇక్కడ పెట్టుకుని అడవిలోకి వెళ్ళారు. ఆ రోజు ఏదైనా జరిగి ఉంటే? తుపాకీ పట్టుకున్న మనిషికి బెంగ పెట్టకూడదు. తగ్గాక చెప్పొచ్చు.

సెలవులో_జవాన్
లక్ష్మి అక్కా, ఆ రెండో వైపు మనిషిని నేను. ప్రస్తుతం ఊళ్ళో సెలవులో ఉన్నాను. మీ భయం నాకు తెలుసు, అయినా ఒప్పుకోలేను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను బోర్డర్‌లో ఉన్నాను. మాది ఉద్దానం. మన జిల్లా పేరు టీవీలో చూస్తున్నాను, ఇంటికి ఫోన్ కలవదు. ఊరు మొత్తం కరెంటు లేదు, టవర్లు లేవు. మాతో ఉన్న పంజాబ్ వాళ్ళకి శ్రీకాకుళం ఎక్కడుందో కూడా తెలియదు, అయినా అందరూ వాళ్ళ ఫోన్లలోనూ ట్రై చేసి పెట్టారు. చివరికి నాన్న దొరికారు. "ఏమీ కాలేదురా, అందరం బాగున్నాం" అన్నారు. సంతోషపడ్డాను. తర్వాత మా ఊరి కుర్రాడు ఫోటోలు పంపాడు. కొబ్బరి తోట మొత్తం నేలమట్టం, జీడి మామిడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, వంటిల్లు పైకప్పు లేదు. అప్పటినుంచి ఇంట్లోవాళ్ళు "బాగున్నాం" అంటే నాకు భయం. నిజంగా బాగున్నప్పుడు కూడా. గొంతులో ఏదో తేడా ఉందని రాత్రంతా ఆలోచిస్తాను. దాచితే మాకు బెంగ తగ్గుతుందని మీరనుకుంటారు, ఏం దాచారో తెలియని బెంగ ఇంకా పెద్దది.

గజపతినగరం_లక్ష్మి
నువ్వు చెప్పిందీ నిజమే బాబూ. కానీ మా పాప విషయంలో ఆ రాత్రి చెప్పడం వల్ల ఎవరికి ఏం ఒరిగింది? తోట పోవడం వేరు, పాప ఆసుపత్రిలో ఉండడం వేరు.

పాత_హవల్దార్_ఆమదాలవలస
ఇద్దరి మాటా నాకు అర్థమైంది. నేను చూసినంతలో చెప్పడమా దాచడమా అన్నదానికంటే ఎలా చెప్పామన్నదే ముఖ్యం. "పాపకి ఏదో అయిపోతోంది, నాకేం తోచడం లేదు" అని అర్ధరాత్రి వినిపిస్తే ఏ జవానైనా కూలిపోతాడు. "పాపకి డెంగీ, విజయనగరం ఆసుపత్రిలో చేర్చాం, అన్నయ్య ఇక్కడే ఉన్నాడు, రేపు రిపోర్టు చూసి సాయంత్రం చెబుతాను" అంటే అదే కబురు మోయగలడు. ఏమైంది, దగ్గర ఎవరున్నారు, మళ్ళీ ఎప్పుడు చెబుతారు. ఈ మూడూ ఉండాలి.

మరీ అత్యవసరమైతే భర్తకి కాకుండా ముందు కంపెనీకి, అంటే యూనిట్‌లో ఆయన ఉండే దళానికి చెప్పండి. సీహెచ్ఎం (కంపెనీ హవల్దార్ మేజర్) నంబరో, సీనియర్ జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) నంబరో ఇంట్లో గోడ మీద రాసి ఉండాలి. ఏ టైములో, ఎలా చెప్పాలో వాళ్ళు చూసుకుంటారు. డ్యూటీ నుంచి తప్పించి చెబుతారు, వీలుంటే సెలవు ఇచ్చి పంపుతారు. యూనిట్‌లో పండిత్‌జీ కూడా పూజలకే కాదు, జవాన్లు మనసు విప్పుకోవడానికి కూడా. ఈ దారి చాలా ఇళ్ళకి తెలియదు.

సెలవులో_జవాన్
హవల్దార్ సాబ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు. ఈసారి వెళ్ళేముందు సీహెచ్ఎం నంబరు అమ్మకి రాసిచ్చే వెళ్తాను.

భావనపాడు_వల
మా తీరంలో మగాళ్ళు గుజరాత్ వీరావల్ వెళ్ళి వేట చేస్తారు, నెలల తరబడి కబురుండదు. 2018 నవంబరులో మనవాళ్ళని పాకిస్తాన్ పట్టుకుపోయింది, వాఘా దగ్గర విడిచిపెట్టింది 2020 జనవరిలో. అన్నాళ్ళూ ఆ ఆడవాళ్ళు ఎలా ఉన్నారో చూశాను. ఒకరింట్లో పొయ్యి వెలగకపోతే ఇంకొకరు గిన్నె పట్టుకెళ్ళేవారు. కబురు ఎవరికొచ్చినా అందరి ఇళ్ళకీ వెళ్ళి చెప్పేవారు. జవాన్ల ఇళ్ళు ఊరికి ఒకటో రెండో ఉంటాయి కాబట్టి మీకు ఆ తోడు తక్కువ అనుకుంటా.

కవిటి_కొబ్బరితోట
మా వైపు ఊరికి ఒకటో రెండో కాదు బాబూ, కొన్ని ఊళ్ళల్లో వీధికి నలుగురున్నారు. అయినా ఎవరింట్లో వాళ్ళమే. మాట కరెక్టే.

బొబ్బిలి_జవాన్_భార్య
నేను వేరే చెబుతాను. అత్తారింట్లోనే ఉండాలని ఎక్కడుంది? నేను పుట్టింట్లో కొన్నాళ్ళు, అత్తారింట్లో కొన్నాళ్ళు ఉంటాను. మావారే మా మామగారికి ముందుగా చెప్పి వెళ్ళారు కాబట్టి గొడవ లేదు. భర్త ఫీల్డ్‌లో ఉన్నప్పుడు కుటుంబాలు ఉండడానికి కొన్ని స్టేషన్లలో ఎస్ఎఫ్ (సెపరేటెడ్ ఫ్యామిలీ) క్వార్టర్లు కూడా ఉంటాయి, యూనిట్ ద్వారా అప్లై చేయాలి, వెయిటింగ్ ఉంటుంది. అక్కడ చుట్టూ అందరూ మనలాంటివాళ్ళే. ఎవరి భర్త ఫోన్ చేసినా "మీవాళ్ళు బాగానే ఉన్నారట" అని పక్కింటికి కబురొస్తుంది. ఆవా (ఆర్మీవాళ్ళ భార్యల సంఘం) వాళ్ళ మీటింగులకి నేను మొదట మొహమాటపడి వెళ్ళలేదు, హిందీ రాదని. వెళ్ళాక మరాఠీ అమ్మాయి, తమిళ అమ్మాయి, అందరికీ హిందీ అంతంతే 😀

గజపతినగరం_లక్ష్మి
క్వార్టర్స్‌లో పిల్లాడికి జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ముసలివాళ్ళని ఊళ్ళో ఒంటరిగా వదిలేసి కోడలు అక్కడుంటే ఆయనకి అదొక బెంగ. నేను ఊరే మేలంటాను.

బొబ్బిలి_జవాన్_భార్య
ముసలివాళ్ళ బాధ్యత మొత్తం కోడలి మీదే ఎందుకు పడాలక్కా? ఆడపడుచులు లేరా, మరుదులు లేరా? పొలం కౌలు, కరెంటు బిల్లు, మామగారి బీపీ మాత్రలు, పిల్లాడి ఫీజు, చుట్టాల పెళ్ళిళ్ళు, అన్నీ ఒక్క మనిషి మీద పెట్టి "జవాను భార్యవి, గట్టిగా ఉండాలి" అంటే ఎలా? గట్టిదనం పేరు చెప్పి పనంతా ఒకరి మీద తోసేయడం అది. మరిది బ్యాంకు పని చూడాలి, ఆడపడుచు నెలకి నాలుగు రోజులు వచ్చి ఉండాలి. నేను అడిగాను, చేస్తున్నారు. అడగకపోతే ఎవరూ చేయరు.

మందస_కోడలు
అక్కా, ఈ మాట చదివి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఎవరినీ అడగలేదు. ఇంకొకటి ఉంది, మా పొలం గట్టు విషయంలో పక్కవాళ్ళు గొడవ పెడుతున్నారు. ఈయన లేరని తెలిసే చేస్తున్నారు.

పాత_హవల్దార్_ఆమదాలవలస
ఇది చాలా ఇళ్ళల్లో జరుగుతుంది, నేను చూసినవే ఎన్నో. మీవారు కమాండింగ్ ఆఫీసర్ ద్వారా కలెక్టరుకీ ఎస్పీకీ లెటర్ పెట్టించవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం శ్రీకాకుళంలోనూ ఉంది, విజయనగరంలోనూ ఉంది, ఆ కాపీ తీసుకుని అక్కడ కూడా ఇవ్వండి. కోర్టుకి వెళ్తే భయపడొద్దు. సర్వీసులో ఉన్న సైనికుడు రాలేని పరిస్థితిలో ఏకపక్షంగా తీర్పు ఇవ్వకుండా 1925 నాటి చట్టం ఉంది. 2025 జూలైలో నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) వాళ్ళు వీర్ పరివార్ సహాయతా యోజన పెట్టారు, జవాన్ల కుటుంబాలకి ఉచిత న్యాయ సహాయం కోసమే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. సర్వే కాగితాలు, పాస్‌బుక్ జిరాక్స్ ఇప్పుడే తీసి పెట్టుకో.

బొబ్బిలి_శ్రీను
కాగితాల మాట వచ్చింది కాబట్టి, పెళ్ళీ పిల్లాడి పుట్టుకా పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే జవాను సర్వీసు రికార్డులోకి కుటుంబ వివరాలు ఎక్కించే ఆర్డర్‌లో పడ్డాయో లేదో చూసుకోండి. మా మరదలి పేరు పడకపోవడంతో డిపెండెంట్ కార్డు రాలేదు, అప్పుడే కాన్పు, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిప్పారు. జాయింట్ అకౌంట్, నామినీ పేర్లు, ఏటీఎం కార్డు ఎక్కడుంది, ఇవన్నీ మనిషి ఇంట్లో ఉన్నప్పుడే కూర్చుని రాసుకోవాలి. అపశకునం అని మా అమ్మ రాయనివ్వలేదు. ఇందులో అపశకునం ఏటి? బస్సు డ్రైవరుకి కూడా నామినీ ఉంటాడు.

సెలవులో_జవాన్
నా తరఫున ఇంకో విషయం, ఎవరూ మాట్లాడనిది. వెళ్ళడం ఒక కష్టం, తిరిగి రావడం ఇంకో రకం. ఇంటికొచ్చిన మొదటి వారం నేను చుట్టాన్ని. పిల్లాడు బిస్కెట్ కావాలన్నా నన్ను దాటి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తాడు. నిద్రలో చిన్న చప్పుడైనా లేచి కూర్చుంటాను. ఇంట్లో జనం ఎక్కువైతే డాబా మీదికి వెళ్ళిపోవాలనిపిస్తుంది. అది వాళ్ళ మీద ప్రేమ లేక కాదు. మా ఆవిడ ఇప్పుడు ఒక పద్ధతి పెట్టింది, వచ్చిన రెండు మూడు రోజులు చుట్టాలెవరినీ పిలవదు, ఎవరింటికీ తిప్పదు. నేను కూడా ఇంట్లో ఆవిడ పెట్టుకున్న పద్ధతులు మార్చను. పిల్లాడిని స్కూలుకి దింపి రావడం ఒక్కటే నా పని. నాలుగో రోజుకి వాడే నా వీపు మీద ఎక్కుతాడు.

సోంపేట_కుర్రోడు
చుట్టాలు రాకుండా ఎలా ఆపుతారు అన్నా? మా అన్నయ్య స్టేషన్‌లో దిగకముందే "క్యాంటీన్ నుంచి ఏం తెచ్చాడు" అని నలుగురు మావయ్యలు రెడీ.

సెలవులో_జవాన్
బాటిల్ ఇచ్చి పంపేయడమే తమ్ముడూ, గుమ్మం దగ్గరే 😀

కవిటి_కొబ్బరితోట
మేం పలాస జీడిపప్పు పంపితే మావాడి దాకా సగమే చేరింది, మిగతా సగం బ్యారక్ మొత్తం తిన్నారట. వాళ్ళ అమ్మకి అదే సంతోషం, అందరూ తిన్నారని.

మందస_కోడలు
నిన్న ఆయన ఫోన్ వచ్చింది. హవల్దార్ బాబాయ్ చెప్పినట్టు స్పీకర్ పెట్టి అత్తయ్యకీ మామయ్యకీ ఆయన చేతే చెప్పించాను, ఫోన్ రాకపోతే డ్యూటీ అని. మామయ్య చాలా ప్రశ్నలు వేశారు, మంచు ఎంత, తిండేంటి, బూట్లు ఎలాంటివి అని. ఇన్నాళ్ళూ ఆయన మనసులో ఇవన్నీ ఉన్నాయని నాకు తెలియదు. బాబు సంగతి కూడా చెప్పాను, డాక్టరుకి చూపిస్తున్నామని కలిపి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "నేను కూడా చిన్నప్పుడు తడిపేవాడినని వాడికి చెప్పు" అన్నారు. టీవీ మాత్రం ఇంకా తగ్గలేదు. ఆడపడుచు ఆదివారం వస్తోంది, తన చేత చెప్పిస్తాను. పార్ట్ టూ ఆర్డర్‌లో బాబు పేరు పడిందో లేదో ఇక్కడి నుంచి నేను చూసుకోవచ్చా, ఆయనే చూడాలా?

బొబ్బిలి_శ్రీను
ఆయనే యూనిట్ ఆఫీసులో క్లర్క్‌ని అడగాలి. బర్త్ సర్టిఫికెట్ ఫోటో తీసి ఆయనకి పంపి ఉంచండి, పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌తో కలిసేలా చూసుకోండి. అక్కడే ఆగిపోతుంది సగం పని.

బొబ్బిలి_జవాన్_భార్య
పలాస, మందస, సోంపేట వైపు ఉన్న మన ఆడవాళ్ళెవరైనా ఉంటే ఇక్కడ రాయండి. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలుద్దాం, పిల్లలు కూడా ఆడుకుంటారు. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, మెసేజ్ చేయండి.

కవిటి_కొబ్బరితోట
మా ఆవిడ వస్తానంటోంది. కొడుకుల తల్లులు కూడా రావచ్చా, భార్యలే రావాలా?

బొబ్బిలి_జవాన్_భార్య
తల్లులు తప్పకుండా రావాలండీ. మందస చెల్లీ, మీ అత్తగారిని కూడా తీసుకురా.